సూలూరులో తిరిగిన టేపు

ఈ రోజు ఆఫీసులో అందరి ముందూ గట్టిగా అరిచేశాను! తుడియలూరులోని మా పంపుల కంపెనీలో పాత యూనిక్స్ సర్వర్ ఒకటుంది. మా డ్రాయింగులన్నీ అందులోనే ఉన్నాయి. వాటికి నకలు తీసిపెట్టే టేప్ డ్రైవ్ చచ్చింది. ఈమధ్య డిస్కు కూడా మూలగడం మొదలుపెట్టింది. అది కూడా పోతే మా పని గోవిందా. అందుకని మా సూలూరు యూనిట్ సర్వర్‌కున్న టేప్ డ్రైవ్ మీదికి నెట్‌వర్క్‌లో బ్యాకప్ పంపుదామనుకున్నాను. మన పప్పు పక్కింటి గ్రైండర్లో రుబ్బుకున్నట్టు!

అక్కడ సర్వర్ చూసుకునే సెల్వి నాకు ఫోన్‌లోనే పరిచయం. ఇది తమిళ ప్రాంతం కదా, ఏళ్లుగా ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకుంటాం. పొద్దున ఆమె టేపు పెట్టింది, నేను కమాండ్ కొట్టాను. వాళ్ల సర్వర్ అనుమతి లేదంది. సెల్వి దాన్ని సరిచేసింది. మళ్లీ కొట్టాను. తెర మీద ఏమీ కదల్లేదు. అప్పుడు సెల్వి తన ఫోన్‌ను డ్రైవ్ పక్కన పెట్టింది. కర్‌ర్‌మని చప్పుడు!

"అబ్బా, తిరగతా ఉండాదే!" అని అరిచాను, మా ఇంటి తెలుగులో.

అవతలి నుంచి సెల్వి అంది: "అక్కా, మా ఇంట్లోనూ ఇదే మాటే! ఇన్ని దినాలు మనమెందుకు అరవంలో మాట్లాడితిమి?"

సాయంత్రానికి బ్యాకప్ పూర్తయింది. ఒక డ్రాయింగును టేపు నుంచి వెనక్కి తెప్పించి చూస్తే చక్కగా తెరుచుకుంది. ఆ సంతోషంలో సెల్వికి ఫోన్ చేసి, అలవాటుగా తమిళంలోనే మొదలుపెట్టాను. తిట్టింది, తెలుగులో!

మీ ఆఫీసులోనూ ఒక సెల్వి ఉండొచ్చు. ఒకసారి కాలు తొక్కి, ఏ భాషలో అరిచిందో చెప్పండి.