ఆదివారం తీసిన ఫొటో

2018 ఆగస్టు. అప్పుడు నేను గద్వాలలో ఒక దినపత్రిక విలేకరిని. అయిజ వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ జోరుగా సాగుతోంది. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అద్దే పని అది. చిన్న చేతులు కావాలని పిల్లల్ని పెడతారు. ఒక చేలో పద్నాలుగేళ్ల అమ్మాయిని ఫొటో తీసి, పేరు, ఊరు రాసుకున్నాను. మరునాడు ఫొటో కింద క్యాప్షన్, అంటే ఒకటి రెండు వరుసల వివరణ, నా మాటల్లోనే వచ్చింది: 'బడి మానేసి పత్తి చేలో కూలిపని'.

నాలుగో రోజు ఆ అమ్మాయి తల్లితో మా ఆఫీసుకు వచ్చింది.

"నేను బడి మానేసిన్నని మీకెవరు చెప్పిండ్రు సార్?"

"చేలో ఉన్నావు కదమ్మా."

"ఆ దినం ఐతారం సార్."

విలేకరులకు ఆదివారం సెలవు ఉండదు. ఎవరికీ ఉండదనుకున్నాను కాబోలు.

"'పేపరోళ్లతోని మనకేం లొల్లే' అని చెప్పిన సార్, ఇంటదా? సంచి సదురుకొని బస్సెక్కింది" అంది తల్లి.

సంచిలో తొమ్మిదో తరగతి నోటుపుస్తకాలు. పేజీ పేజీకి కింద సారు సంతకం, తేదీ. "ఇది శనివారంది, ఇది సోమవారంది. సూడుండ్రి" అని అమ్మాయి వేలు పెట్టి చూపించింది. తర్వాత గొంతు తగ్గించింది. "పేపర్ల గూడ మానేసిందనే వచ్చింది, ఇగ చేనుకే పో అంటుండు సార్ మా నాయిన."

వార్తలు దిద్ది పేజీలు కట్టే డెస్క్‌కు ఫోన్ చేశాను. ఇన్‌ఛార్జి నవ్వాడు. "క్యాప్షన్‌కు సవరణా? ఏ లీడరో కోర్టుకు పోతానంటే వేస్తాం గానీ."

వేయరట అని అమ్మాయికి చెప్పాను.

"లెక్క తప్పైతే మా సారు పేజీ చింపనియ్యడు. కొట్టేసి, దాని పక్కకే సరైంది రాయమంటడు. మీకు గట్ల లేదా సార్?"

ఇన్‌ఛార్జికి మళ్లీ ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. "సరే, రాసి పంపు" అన్నాడు.

రెండు రోజులకు అదే పేజీలో వచ్చింది: 'ఆ బాలిక బడి మానలేదు. తొమ్మిదో తరగతి చదువుతోంది. పొరపాటుకు చింతిస్తున్నాం.' మర్నాడు తల్లి ఫోన్ చేసింది. "వాళ్ల నాయిన ముంగట గట్టిగ సదివింది సార్. ఇంకోసారి సదువుమన్నడు. ఇయ్యాల పొద్దుగాల్నే బడికి తోలిండు."

పిల్లలతో పని చేయించడం ఆదివారమైనా తప్పే. ఆ ఫొటో వేసినందుకు విచారం లేదు. కానీ ఆమె ఎవరో ఆమెను అడగకుండా నేనే తేల్చేశాను. చేలో నిలబడ్డా ఆమె తన లెక్కలో విద్యార్థే. అన్న మాటకు రుజువు చూపడం, తప్పును దాచకుండా దిద్దడం బడి ఆమెకు నేర్పింది. వృత్తిలో పదిహేనేళ్లు గడిచాక ఆమె నాకు నేర్పింది. ఆమెకూ, నేనెన్నడూ చూడని ఆ సంతకాల సారుకూ రుణపడి ఉన్నాను.

ఇప్పుడు వనపర్తిలోనైనా తెలకపల్లిలోనైనా, పనిలో పిల్లలు కనిపిస్తే నేను ముందు అడిగేది "ఏ తరగతి?" అనే. చాలామంది చేతిలోది కింద పెట్టి, నిటారుగా నిలబడి జవాబిస్తారు.