ముందు కొక్కెం

మా నాయన ఆదోనిలో ఒక పత్తి సావుకారు దగ్గర కారు తోలేవాడు. తెల్లదొరల కాలంలో కొన్న కారు అది. నాకు ఊహ తెలిసేనాటికే ముసలిదైపోయింది. ఊళ్ళో మిగతా సావుకార్లు కొత్త బండ్లు తెచ్చుకున్నా ఈ ఇంటివాళ్ళు దాన్ని వదల్లేదు. సావుకారు తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్ళం. ఆమె కాపురానికి వచ్చింది ఆ కారులోనేనట.

దాని బానెట్ ఇప్పటి కార్లకున్నట్టు ఒకే రేకు కాదు. నడిమధ్య పొడుగునా బందులుండి, కుడి రేకూ ఎడమ రేకూ రెక్కల్లా విడివిడిగా పైకి లేచేవి. ఒక్కో రేకుకు ముందొకటి, వెనకొకటి ఇనుప కొక్కేలు. పిడిని కిందికి లాగి, కొక్కేన్ని అంచుకు తగిలించి, పిడి మడిస్తే లోపలి స్ప్రింగు బిగుసుకుని టక్కుమనేది. ఒక్కోటి బిగించాక నాయన అరచేత్తో రేకును తట్టి చూసేవాడు. ఇంట్లో ఉన్నవాళ్ళకు ఆ చప్పుళ్ళను బట్టే బండి బయల్దేరుతోందని తెలిసేది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. దూరం పోయేటప్పుడు రెండు గెణుసుగడ్డలు, అంటే చిలగడదుంపలు, రేకుడబ్బాలో పెట్టి, ఇంజను పక్కన పొగగొట్టానికి ఆనించి తీగతో కట్టేవాడు. ఊరు చేరేసరికి అవి ఉడికి ఉండేవి. ఒకటి ఆయనకు, ఒకటి నాకు దాచి తెచ్చేవాడు. ఇంజను వాసన పట్టిన ఆ గడ్డ రుచి నాకు ఇప్పటికీ నోట్లో ఉంది. కానీ ఆ రోజు తర్వాత గెణుసుగడ్డ నేను ముట్టలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అవ్వ మంత్రాలయం ప్రయాణం కట్టింది. పూలబుట్ట పట్టుకోవడానికి, దారిలో కాళ్ళు పిసకడానికి నన్ను వెంట రమ్మంది. వెనక సీట్లో అవ్వ, పక్కన కోడలమ్మ, అంటే సావుకారు భార్య. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నేను వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. సావుకారు మార్కెట్టు పని ఉందని రాలేదు.

ఎమ్మిగనూరు దాటాక ఇంజను కాగిపోయింది. నాయన ఒక పల్లె ముందు ఆపి, దగ్గరి ఇంట్లో బిందె అడిగి తెచ్చి నీళ్ళు పోశాడు. కొక్కేలు నాలుగూ బిగించాడు. నేను చూశాను. తర్వాత బిందె తిరిగి ఇచ్చిరావడానికి పోయాడు.

పొద్దున్నుంచి నేను ఏమీ తినలేదు. అవ్వ ఉపవాసం, కోడలమ్మ ఉపవాసం, వాళ్ళ ముందు నాకు అడగబుద్ధి కాలేదు. కుడిపక్కకు పోయి, పావడా అంచుతో పట్టి ముందు కొక్కెం విప్పి, రేకు మూల ఎత్తి, లోపలికి చేయి పెట్టాను. వెనక కొక్కెం విప్పే అవసరం రాలేదు, ఆ సందే నా చేతికి చాలింది. అదే అంచుతో డబ్బాలోంచి ఒక గడ్డ లాగి పావడాలో వేసుకున్నాను. మళ్ళీ కొక్కెం పెట్టబోతే పిడి కాలుతోంది. వట్టి మూడు వేళ్ళతో పట్టి లాగాను. స్ప్రింగు నా బలానికి లొంగలేదు. వేళ్ళు చురుక్కుమని వదిలేశాను. రేకును కిందికి నొక్కాను. చూడ్డానికి మూసుకున్నట్టే ఉంది.

"పాపా, యాడుండావు? రా," అని లోపలినుంచి అవ్వ పిలిచింది. పోయి కూర్చున్నాను. నాయన వచ్చాడు. తను బిగించినవి మళ్ళీ చూసుకోవలసిన పని ఆయనకు లేదు.

తర్వాత జరిగింది నాకు ముక్కలుగానే గుర్తుంది. కోడలమ్మ ముందుకు వంగి నాయనతో ఏదో అంది. బండి జోరందుకుంది. దడదడమని రేకు కొట్టుకున్న చప్పుడు, ఆ వెంటనే కారులో చీకటి పడినట్టయింది. కుడి రేకు పూర్తిగా లేచి, బందులు తెగి అద్దానికి అడ్డం పడింది. నాయన "రాఘవేంద్రా" అన్నాడు. బండి రోడ్డు దిగి, వంక నీళ్ళు పోయే మోరీ గోడకు గుద్దుకుంది.

అవ్వ అక్కడే పోయింది. కోడలమ్మకు తుంటి విరిగింది. నాయనకు ఛాతీ మీద స్టీరింగు దెబ్బ. నాకు మోకాలు గీసుకుపోయింది, అంతే.

సాయంత్రం సావుకారు మోరీ దగ్గరికి వచ్చాడు. ఆయన ఏడవలేదు, అరవలేదు. విరిగిపడిన రేకు చూసి, "కొక్కెం పెట్టినావా లేదా, అది చెప్పు," అన్నాడు.

"నాలుగూ బిగించినా సామీ. నా చేత్తో నేనే బిగించినా," అన్నాడు నాయన. గుమిగూడిన లారీ డ్రైవర్లు, పల్లెజనం అందరూ విన్నారు.

మరునాడు పొద్దున నాయన నాకు ముఖం కడుగుతూ నా కుడిచేయి పట్టుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ బొబ్బల మీద అడ్డగీతలు ఉన్నాయి. పట్టు జారకుండా పిడికి ఉండే గాట్లు అవి. నాయన నా చేతిని వెలుతురుకు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. పెరట్లోంచి కలబంద మట్ట కోసుకొచ్చి, చీల్చి, వేళ్ళకు పూసి, పాతగుడ్డతో కట్టాడు. "పొయ్యి కాడ కాల్చుకునింది," అని మా అమ్మతో చెప్పాడు.

ఆ రోజే సావుకారు ఇంటికి పోయి వసారాలో నిలబడి, "మర్చిపోయినా సామీ. కుడి ముందరిది బిగించలే," అన్నాడట. నిన్నొక మాట, ఈ పొద్దు ఒక మాట చెప్పేవాడిని గడప తొక్కనివ్వనన్నాడు సావుకారు. తప్పు చేసినందుకు కాదు, అబద్ధమాడినందుకు పంపేశానని ఊరంతా చెప్పాడు. ఆదోనిలో మళ్ళీ ఎవరూ ఆయన చేతికి స్టీరింగు ఇవ్వలేదు. బేతంచెర్ల పక్క నాపరాళ్ళ గనుల్లో రాళ్ళు ఎత్తే పనికి పోయాడు. దెబ్బతిన్న ఛాతీతో ఎత్తాడు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా చనిపోయాడు.

ఒక్కసారి చెప్పాలని చూశాను. నాకు పదహారేళ్ళు. ఆయన అన్నం తింటున్నాడు. "నాయనా, ఆ పొద్దు కారు కాడ..." అన్నాను. ఆయన తలెత్తకుండానే, "అన్నం తిను పాపా, సల్లారిపోతాది," అన్నాడు. ఆయనకు తెలుసని అప్పుడు నాకు అర్థమైంది. నేను అది కనిపెట్టానని కూడా ఆయనకు అర్థమై ఉంటుంది. ఇంక ఆ మాట మా ఇంట్లో రాలేదు.

ఆ దారిలో తిరిగే డ్రైవర్లు మాత్రం నాయన రెండో మాట నమ్మలేదు. ఆయన చేతి పని వాళ్ళకు తెలుసు. బిగించానని మొదటిరోజు చెప్పాడంటే బిగించే ఉంటాడు. బిగించింది ఊడిందంటే, ఏదో దయ్యమే ఊడదీసింది. మోరీ దగ్గర ఎవరో ఒక రాయి నిలిపి పసుపు పూశారు. లారీలవాళ్ళు నిమ్మకాయ పడేసి, హారను కొట్టి పోయేవాళ్ళు. నాయన మంచివాడని నమ్మినవాళ్ళంతా ఆ దయ్యాన్ని నమ్మారు. నమ్మనివాళ్ళు ఆయన్ను అబద్ధాలకోరు అన్నారు.

నా ఉద్యోగం మొదటి నాలుగేళ్ళు ఆ పక్క పల్లెలోనే పడింది. రోజూ బస్సు ఆ మోరీ దాటేటప్పుడు హారను మోగేది. నేను ఒళ్ళో సంచిని గట్టిగా పట్టుకునేదాన్ని. ఒకరోజు మూడో తరగతిలో పిల్లలను మీ ఊరి విశేషాలు చెప్పమన్నాను. ఒక పిల్ల లేచింది.

"టీచరమ్మా, మా మోరీ కాడ దయ్యం ఉండాది. అది కార్ల మూతలు లేపుతాది."

"ఎవరు చెప్పినారు?"

"మా జేజి. దానికి మూడే ఏళ్ళంట, టీచరమ్మా."

వేళ్ళు అని దిద్దబోయి ఆగాను. నేను నల్లబల్ల వైపు తిరిగి, ఏదో రాస్తున్నట్టు నిలబడ్డాను. ఆ పిల్ల నాయనమ్మకు మూడు వేళ్ళ సంగతి ఎక్కడిది? ఇప్పటికీ నాకు తెలియదు. కథలో అలా పుట్టిందేమో. కానీ ఆ రోజు సుద్దముక్క పట్టుకున్న నా చేతిని చూసి నాకే భయం వేసింది. ఏడాది తిరగకుండా బదిలీ పెట్టుకుని కర్నూలు వచ్చేశాను.

రిటైరయ్యాక, రెండేళ్ళ కిందట, మాతో పనిచేసిన ఒకామె ఫోనులో వీడియో పంపింది. ఆదోనిలో ఎవరో పాతకారు బాగు చేయిస్తున్నారట, చూడమంది. అదే కారు. దాని పక్కన నిలబడి మాట్లాడుతున్నది సావుకారు కొడుకు. అతనికీ యాభై దాటాయి. "మా అవ్వ పోయింది ఈ కారులోనే. మా డ్రైవరు కొక్కెం పెట్టేది మర్చిపోయినాడు," అంటున్నాడు. కోపం ఏమీ లేదు అతని గొంతులో. ఊరి పేరు చెప్పినట్టు చెబుతున్నాడు. ఆ ముక్క నేను ఎన్నిసార్లు విన్నానో.

పదిరోజుల తర్వాత బస్సెక్కి ఆదోని పోయాను. ఆ డ్రైవరు కూతుర్నని చెబితే అతను మర్యాదగా లోపలికి పిలిచాడు. పాత గిడ్డంగిలో కారు ఉంది. రంగు ఇంకా వేయలేదు. ముసలి మెకానిక్ సాయిబు ఒకాయన వెనక కొక్కెం బిగిస్తున్నాడు. పక్కనే కుర్చీలో కోడలమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది. నన్ను ఎగాదిగా చూసి, "పూలబుట్ట పాపవు కదా," అంది.

కొడుక్కు ఏదో ఫోను వస్తే బయటికి పోయాడు. నేను సాయిబును అడిగాను. "ఈ ముందుది ఒక్కటే ఊడి, వెనకది ఉంటే రేకు లేస్తుందా?"

ఆయన రేకు మూలను వేలితో ఎత్తి చూపించాడు. "మెల్లగ పోతే ఏం గాదమ్మా. జోరుగ పోతే ఈ సందులో గాలి దూరుతాది. అప్పుడు వెనకది ఒక్కటే ఆపల్యాదు." పానా కోసం అటు పోయాడు.

కోడలమ్మ ముందు నేలమీద కూర్చున్నాను. చెప్పాను. గెణుసుగడ్డ, కాలిన పిడి, కలబంద, నాయన మాట మార్చడం, అన్నీ. ఇన్నేళ్ళలో గట్టిగా పలకడం అదే మొదలు. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది.

ఆమె కారు వైపు తిరిగింది. "ఎంత జోరంటే లేస్తాదని చెప్పినాడు సాయిబు?" అంది.

"జోరుగా పోతే అన్నాడు. అంతే."

"మీ నాయన మెల్లగనే పోతాండె. పూజకు అందుకోవాల, బిన్నా పోనీ అన్న్యా నేను. బండి ముసలిది, వద్దమ్మా అన్న్యాడు. మళ్ళా అన్న్యా. మా అత్త గూడా ఊరుకోవే అనె. వినలే నేను." కర్రను ఒళ్ళోంచి తీసి నేలకు ఆనించింది. "ఆయప్ప ఆ మాట ఎవరికీ చెప్పలేదు. సావుకారు అంత అడిగినా చెప్పలేదు. అప్పటినుంచి ఏటేటా ఆ రాయికి టెంకాయ కొట్టిస్తాండా. ఆ దయ్యమే చేసిందనుకుంటే నాకు నిద్ర పట్టేది."

ఇద్దరం ఏడవలేదు. ఆమె నా కుడిచేయి అడిగి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వేళ్ళు చూసింది. మచ్చలేమీ లేవు. చిన్నప్పుడే పోయాయి.

"నా కొడుక్కు చెప్పొద్దు పాపా. నేను ఉండేంత వరకు," అంది.

నాయన పేరు నిలబెట్టడానికే అంతదూరం పోయాను. కానీ ఆమె అలా అడిగితే కాదనలేకపోయాను. కొడుకు లోపలికి వచ్చి టీ తాగమన్నాడు. తాగి వచ్చేశాను. నా వెనకే ఎవరో చుట్టాలు కారు చూడ్డానికి వచ్చారు. గేటు దాటుతుండగా అతని గొంతు వినబడింది. మా డ్రైవరు కొక్కెం పెట్టేది మర్చిపోయినాడు.

పోయిన ఎండాకాలం కోడలమ్మ కాలం చేసింది. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు నేనే ఫోను చేశాను. నా భాగం అంతా చెప్పాను. వాళ్ళమ్మ తొందరపెట్టిన సంగతి చెప్పలేదు. చెప్పాల్సిందో లేదో నాకు తెలియదు. నాయన చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. అతను చదివితే చదవనీ.

అతను విన్నాడు. లైను తెగిందేమోనని రెండుసార్లు "బాబూ" అన్నాను.

"ఉండా అమ్మా," అన్నాడు చివరికి. "తొమ్మిదేండ్ల పిల్ల. ఎవరు ఏమంటారు." తర్వాత, "మా ఇంట్లో అందరూ డ్రైవరు అనే చెప్పేవాళ్ళు. మీ నాయన పేరు నాకు తెలీదు. చెప్పండి, రాసుకుంటా," అన్నాడు.

చెప్పాను. సరిగా వినబడలేదన్నాడు. మళ్ళీ, అక్షరం అక్షరం విడదీసి చెప్పాను.