సంగటి పళ్లెం తిప్పిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, దొరల ఏలుబడి నడుస్తున్న రోజుల్లో, మా ఇంట్లో రోజూ ఒక సంగటి ముద్ద సగానికి కోసినట్టు మిగిలిపోయేది. తినేది మా జేజినాయన, మా నాన్నకు తండ్రి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి గానీ గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉండేది. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లందరికీ చెప్పేవాడు: "మా చిన్నకోడలు సగం కడుపుకే పెడతాండాదప్పా."

ఆ చిన్నకోడలు మా చిన్నమ్మ. సగం ఆయనే వదిలేస్తున్నాడని ఆమె చెబితే, ఆయన చెయ్యి కడుక్కున్నాక కోడలే ఆ సగం పళ్లెంలో పెట్టిందని మా అవ్వ అనింది. ఊరూ అదే నమ్మింది. చివరికి కూతుర్ని తీసుకుపొమ్మని రాయచోటిలో ఉన్న ఆమె తండ్రికి కబురు వెళ్లింది.

చిన్నమ్మ వాదించే మనిషి కాదు. చూస్తూ ఉండేది. తన మామ మీసం కుడివైపే మెలేస్తున్నాడనీ, నేను ఎడమవైపు నిలబడి పిలిస్తే కుడివైపు వెతుకుతున్నాడనీ ఆమె గమనించింది.

తండ్రి బండి దిగిన మధ్యాహ్నం, అందరి ముందూ మామకు సంగటి, చెనిక్కాయల పచ్చడి వడ్డించింది. ఆయన కుడి సగం తిని పళ్లెం చూపించాడు.

"చూసినారా? ఇంతేనంట."

ఎడమ సగం ఇంకా ఆవిర్లు కక్కుతోంది. చిన్నమ్మ వంగి, ఎడమది కుడికి వచ్చేలా పళ్లాన్ని తిప్పింది.

"ఇప్పుడు పెడతావా పాపా? మీ నాయన వచ్చినాడనా?" అంటూ ఆయన మళ్లీ తినసాగాడు.

ముందు నవ్వింది మా అవ్వే. నవ్వి, కోడలి చెయ్యి పట్టుకుంది. "ఈయనకు మతి పోయిందామ్మే?"

"మతీ బాగుండాది, కండ్లూ బాగుండాయి అత్తా. ఆ కండ్లతోనే కదా ఇప్పుడు చూసినాడు. కండ్లుంటేనే చాలదు, ఆ పక్కనేది ఒకటి ఉండాదని లోపల తోచాల. మనకు అడక్కుండానే తోస్తుంది గాబట్టి, అట్లాంటిది ఒకటి ఉండాదనే మనకు తెలీదు. మామకు పోయినాంకనే నాకూ తెలిసింది."

వియ్యంకుడు ఆ పూట కడుపారా తిని, ఖాళీ బండి తోలుకుని పోయాడు. కొన్నాళ్లకు జేజినాయనే సగం తిని "తిప్పు పాపా" అనడం నేర్చుకున్నాడు. మీసం రెండు వైపులా లేచింది.

ఇప్పటికీ ఎవరైనా కళ్లముందున్నదాన్ని లేదంటే, అబద్ధమనేలోపు నా చెయ్యి పళ్లెం అంచు కోసం వెతుకుతుంది. నేనే ఏదైనా లేదని గట్టిగా అనబోయినప్పుడు, ఇంకా తొందరగా వెతుకుతుంది.