అక్షింతలు వేసిన ఫోటోగ్రాఫర్

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను తీసే ఫోటోల్లో బతికున్న మనుషులే సరిగ్గా పడరు, ఇక దెయ్యాలెక్కడ పడతాయి? కొడవలూరులో మందుల షాపు నడుపుకునేవాణ్ణి. ఏ జబ్బుకైనా కారణం ఒకటి ఉండి తీరుతుందనేవాణ్ణి. అయినా మా మేనకోడలు పెళ్ళిలో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తొలిసారి పెళ్ళి ఫోటోలు తీయబోయేవాళ్ళకి పనికొచ్చే ముక్కలు కూడా ఇందులో నాలుగు దొరకొచ్చు.

నా కెమెరా పులికాట్ సరస్సులో కొంగల కోసం కొన్న పాత కెమెరా. కొంగలతో సుఖమేమిటంటే, ఫోటో ఎట్లా వచ్చిందని అడగవు.

మా అక్కది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. బావ పడవ మీద వేటకెళ్ళేవాడు. కొన్నేళ్ళ కిందట గాలివానలో చిక్కుకుని చనిపోయాడు. ఆ ఇంట్లో ఫోటోలు తీసేది ఆయనే, అక్క ఫోనుతో. వలలు లాగి లాగి కుడిభుజం దెబ్బతినడంతో ఆ చెయ్యి పూర్తిగా పైకి లేచేది కాదు. ఫోను ఎప్పుడూ కుడివైపుకి వాలేది. అందుకే ఆయన తీసిన ఏ ఫోటోలో చూసినా మనుషులంతా ఎడమవైపుకి జారిపోతున్నట్టుంటారు. సముద్రం కూడా అటే ఒలికిపోతున్నట్టుంటుంది.

ఫోను ఎప్పుడూ తన చేతిలోనే ఉండబట్టి, ఆయన మాత్రం ఒక్క ఫోటోలోనూ లేడు. ఆధార్ కార్డులో ఉన్నాడు గానీ, దాన్ని చూసి ఆయనే "ఎవురబ్బా ఈయన" అనేవాడు.

బావ కూతురు సుమతి పెళ్ళికి మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్ ముందురోజు బైకు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సుమతి నాకు ఫోన్ చేసింది.

"మామా, నువ్వే తీయాల."

"తల్లీ, నేను కొంగల మనిషిని."

"నన్ను గూడా కొంగనుకో. మిగతాయి ఎట్టొచ్చినా సరే, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒక్కటి మాత్రం పోనీబాక. నాయనుంటే ఆ ఒక్కటన్నా తీసుండేవాడు."

ఆ మాట విన్నాక ఇక వెనక్కి తగ్గలేదు. బ్యాటరీలు చార్జింగ్ పెట్టాను, ఇంకో మెమరీ కార్డు కొన్నాను. మీరూ ఆ రెండూ చేయండి. ఎవరు ఎవరికేమవుతారో చెప్పే మనిషిని పక్కన ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పెళ్ళికి మీరు దగ్గర చుట్టం కాకుండా చూసుకోండి. నేను మేనమామను కాబట్టి పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకు రావాలి. ఫోటోగ్రాఫర్ని కాబట్టి దాన్ని ఫోటో తీయాలి. ఆ ఫోటో లేదు.

పెళ్ళి అక్కావాళ్ళ ఇంటి ముందు షామియానా కింద, పొద్దుటి ముహూర్తం. శుభకార్యానికి ముందు పోయినవాళ్ళకి కొత్తబట్టలు పెట్టుకోవడం మా పద్ధతి. ముందు పెట్టుకోడానికి బావ ఫోటో లేదు కదా, అక్క పంచె, కండువా తెచ్చి మండపానికి అవతలి పక్కన ఒక కుర్చీలో పెట్టింది. బావ మేనత్త ఆ కుర్చీ పక్కనే కూర్చుని పిల్లల్ని కూడా దగ్గరికి రానీలేదు.

నేను మండపానికి ఇవతల, ఆ కుర్చీకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. అడ్డుతెర పట్టారు. దాన్నొక ఫోటో తీశాను. అంతలో ఎవరో నా గుప్పిట్లో అక్షింతలు పోసి వెళ్ళారు. పంతులుగారు చెయ్యెత్తారు, గట్టిమేళం మోగింది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గట్టిమేళం వినపడితే నా చెయ్యి చేసే పని ఒక్కటే. కెమెరా వదిలేసి, ఆనందంగా, గుప్పిటంతా ఖాళీ అయ్యేదాకా అక్షింతలు వేశాను. మెడలో కెమెరా పొట్టకి తగిలినప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది.

"చూసినాలే," అంది మా ఆవిడ వెనక నుంచి. "చెయ్యి గాల్లో, కెమెరా మెడలో."

వేయాల్సిన అక్షింతలు వేశాను, ఇక పడాల్సిన అక్షింతలు పడతాయనుకున్నాను. తాళికట్టూ తలంబ్రాలూ అప్పగింతలూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని తీశాను. అవి బాగా వచ్చాయి, నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాను. కానీ సుమతి అడిగింది అవి కాదు.

సాయంత్రం ల్యాప్‌టాప్‌లో ఫోటోలు పెడితే అక్క, సుమతి, కొత్త అల్లుడు చుట్టూ చేరారు. అడ్డుతెర ఫోటో వచ్చింది. దాని తర్వాత తాళి కట్టేదే కదా, ఏం చెప్పాలా అనుకుంటూ మీట నొక్కాను.

తాళికట్టు కాదు. పెళ్ళికొడుకు తల మీద సుమతి చెయ్యి. అక్షింతలు గాల్లో ఆగిపోయి ఉన్నాయి, గింజ గింజా లెక్కపెట్టొచ్చు. సుమతి తలెత్తి నేరుగా కెమెరా వైపు చూసి నవ్వుతోంది. వాళ్ళ వెనకాల, అవతలి వైపు, నోరు తెరుచుకుని చెయ్యెత్తి అక్షింతలు వేస్తున్నాను నేను. నా మెడలో కెమెరా వేలాడుతోంది.

ఎవరి ఫోనులోదో కలిసిందేమోనని చూశాను. నా కెమెరాదే. ఫైలు నంబరు కూడా అడ్డుతెర ఫోటోకీ తాళికట్టు ఫోటోకీ మధ్య వరసలోనే ఉంది. తీసింది కుర్చీ ఉన్న చోటు నుంచి, కూర్చున్న మనిషి కంటి ఎత్తున. అటు ఎవరన్నా వచ్చారా అని మేనత్తను అడిగితే, "నేనుండంగా ఎవురొస్తారయ్యా" అని నా మీదే కోప్పడింది.

అక్క ల్యాప్‌టాప్ తెర మీద షామియానా గుంజను వేలితో తడిమింది. గుంజ ఒరిగి ఉంది. మండపం, పంతులుగారు, నేను, అందరం ఎడమవైపుకి జారిపోతున్నాం.

"నువ్వు ఎవుర్ని చూసి నవ్వినావు?" అని సుమతిని అడిగాను.

"కుర్చీలో కండువా గాలికి లేచింది మామా. అది చూసినా. అంతే."

నెల్లూరులో ఆల్బమ్ చేసే అతను, "ఈ ఒక్కటీ వంకరగా వచ్చింది సార్, నిలబెట్టేస్తాను" అన్నాడు.

"చెయ్యబాక అన్నా," అంది సుమతి. "అట్టనే ఉండనీ."

ఇది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. కెమెరా విప్పి చూపించాను, కార్డు చూపించాను. తెలిసినవాళ్ళెవరూ ఏమీ తేల్చలేదు. నమ్మకాల సంగతి అడిగితే, నేను మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను, కాకపోతే కొంచెం ఎడమవైపుకి జరిగాను.

విడవలూరులో సుమతి అత్తగారింటి ముందుగదిలో ఆ ఫోటో పెద్దది చేయించి పెట్టారు. నేను వెళ్ళినప్పుడల్లా దానికి ఎదురుగా ఉన్న కుర్చీయే చూసుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్ళు దాని ముందు ఆగకుండా పోరు. ఎంత బాగా తీసినారు, ఎవురు తీసినారు అని అడుగుతారు. సుమతి ఒకటే చెబుతుంది: "మా ఇంటోళ్ళే."

వాళ్ళు మెచ్చుకోలుగా నా వైపు చూస్తారు. తర్వాత ఫోటోలో, మెడలో కెమెరాతో అక్షింతలు వేస్తున్న నన్ను చూస్తారు. మళ్ళీ నా వైపు చూస్తారు.