బేసిబాలు

నా స్నేహితుడికి ఈ ప్రపంచంలో తెలియని విషయం లేదు. మెచ్చుకుని అంటున్న మాట కాదిది, విసిగిపోయి అంటున్నాను. వాడు పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి సరుకు దిగుతుంటే పక్కన నిలబడి కాగితం మీద గీతలు గీయడం వాడి ఉద్యోగం. పొద్దున ఏ దేశం ఓడ వస్తే సాయంత్రానికల్లా ఆ దేశం గురించి మాకు పాఠం చెప్పేవాడు. జపానులో వాన అడ్డంగా పడుతుందనీ, రష్యాలో చేపలు నీళ్ళలోనే ఐసు ముక్కలై దొరుకుతాయనీ వాడివల్లే తెలిసింది. వాడు అబద్ధాలకోరు కాదు. అడిగినవాళ్ళను ఊరికే పంపించడం ఇష్టంలేక ఏదో ఒకటి చేతిలో పెట్టేవాడు. "తెలీదు" అన్న మాట మాత్రం వాడి నోట మేం ఎన్నడూ వినలేదు.

మేం అంటే నేనూ, వన్ టౌన్‌లో ఇనప సామాన్ల కొట్టున్న మరో మిత్రుడూ. అతన్ని మేం దోస్తు అనే పిలిచేవాళ్ళం. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. ఎనభైల మొదట్లో మా ఆదివారాలన్నీ ఆ డాబా మీదే గడిచాయి. అరముక్క డ్రమ్ముకు కాళ్ళు అతికించి, కొట్టులోంచి ఇనప జాలీ ఒకటి తెచ్చి పైన పరిచి, దోస్తు ఒక పెద్ద కుంపటి తయారుచేశాడు. వాళ్ళమ్మగారు చేపలకు గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, ఎండుమిరప ముద్ద, నిమ్మరసం పట్టించి పైకి పంపేవారు. కాల్చడం, తినడం, క్రికెట్ గురించి వాదించుకోవడం మా పని. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే కొంచెం జాగ్రత్తగా చేసేవాళ్ళం.

ఆ కుంపటి దగ్గర ఒక తోలు గ్లౌజు ఉండేది. గోధుమ ఓడలో వచ్చిన అమెరికా నావికుడెవరో పూర్ణా మార్కెట్లో దారి తప్పితే మావాడు చెయ్యి పట్టుకుని మళ్ళీ రేవుకు చేర్చాడట. ఆ కృతజ్ఞత కొద్దీ అతను ఇచ్చిపోయాడు. వేళ్ళన్నీ వాచిపోయినట్టుండే వింత గ్లౌజు. జత లేదు, ఒక్కటే. ఇదేమిటని అడిగితే నావికుడు బేస్‌బాల్ అన్నాడు. మావాడికి అది బేసిబాల్ అని వినపడింది. ఇక చెప్పాలా? గ్లౌజు ఒక్కటే కాబట్టి బేసి, బేసి గ్లౌజుతో ఆడే ఆట కాబట్టి బేసిబాలు అని ఆ వేళే తేల్చేశాడు. కాలిన జాలీ పట్టుకోవడానికి ఆ గ్లౌజు భలేగా పనికొచ్చింది కాబట్టి నేనూ దోస్తూ ఎదురు చెప్పలేదు. మాకు మాత్రం ఏం తెలుసు గనక!

ఇంతలో మావాడి పెళ్ళి సంగతి వచ్చింది.

వాళ్ళ చర్చిలో పాటల బృందంలో ఒక అమ్మాయి పాడేది. బళ్ళో టీచరు. ఆమె పాడినంతసేపూ మావాడు నోరు మెదిపేవాడు కాదట, దాన్నిబట్టే విషయం ముదిరిందని నాకు అర్థమైంది. ఆమె అన్నయ్య ఉక్కు కర్మాగారం కడుతున్న చోట స్టోర్సులో ఉండేవాడు. నేను అక్కడే డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాబట్టి మాట కదిపే పని నా మీద పడింది. అమ్మాయికి ఇష్టమే. తండ్రికీ ఇష్టమే. అన్నయ్య మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు.

"కుర్రాడు మంచోడేనంతన్నారు. కానీ కోతలు కోత్తాడని ఎవరో సెప్పేరండి. నాన్నగారు నా మాట మీదే ఉన్నారు. ఓ ఆదివారం వొచ్చి మాటాడతాను."

అంతకు ముందు రెండు సంబంధాలు అలాగే పోయాయి. మొదటి పిల్ల తండ్రి కాంపౌండరు, ఆయనకు మావాడు రక్తపోటుకు మందు చెప్పాడు. రెండో పిల్ల మేనమామ రైలు డ్రైవరు, ఆయనకు ఇంజను ఎలా ఆపాలో చెప్పాడు.

ఈసారి మావాడే బెదిరిపోయాడు. "బావా, నాకేటి సెయ్యాలో తోసట్లేదు. ఈ పిల్ల కాదంటే నాను మరి పెళ్ళే సేసుకోను. నా నోటికి నువ్వే కాపలా కాయాల," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాణ్ణి అలా చూడటం నాకు అదే మొదటిసారి. ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. వాడు కోతల్లోకి దిగుతున్నాడనిపించగానే నేను దగ్గుతాను. దగ్గు వినగానే వాడు నోరు మూసుకోవాలి. గొప్ప ఎత్తు వేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ అన్నయ్య దువ్వాడలో రైలెక్కి వచ్చాడు. నలభై లోపు మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. డాబా మీద కుర్చీ వేశాం. దోస్తు చందువా చేపలు జాలీ మీద పరుస్తూ, ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకున్నాడు.

"మద్రాసులో వానకి ఆట ఆగిపోనాది బావా," అన్నాడు.

"మద్రాసు వాన మద్రాసుదే, మనకి రాదు," అన్నాడు మావాడు. "రేవులో తుపాను జెండా ఎక్కనేదు, నాను సూసే వొచ్చాను."

నేను దగ్గాను. ఆయన డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూసి, "మబ్బు పట్టినట్టుందండి," అన్నాడు.

"అది మబ్బు కాదండి, కొండకి సెమట పట్టినప్పుడు..."

గట్టిగా దగ్గాను. మావాడు ఆగాడు. తర్వాత క్రికెట్ మాటలొచ్చాయి. స్పిన్ బౌలర్లకు వేళ్ళు పొడుగ్గా ఎందుకుంటాయో మావాడు మొదలెట్టేసరికి మళ్ళీ దగ్గాను. వికెట్ కీపరు రోజుకు ఎన్నిసార్లు గుంజీలు తీస్తాడో చెప్పబోతే ఇంకోసారి. నాలుగోసారి నిజంగానే గొంతు పట్టేసింది.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "మీకు పొగ పడట్లేదు గావాల. లెగండి, ఆ మెట్ల గదిలో కూకోండి. గాలి బాగుంటాది." అంటూ నా కుర్చీ తనే మోసుకెళ్ళి అక్కడ వేశాడు. కాదనడానికి లేదు. మెట్ల గదిలో పొగ లేదు, కాబట్టి దగ్గడానికీ లేదు. అక్కడ కూర్చుని రెండు చేతులూ నలుపుకుంటూ చూడటం తప్ప నాకేం మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే ఆయన గ్లౌజు వైపు వేలు చూపించాడు. "ఇదేటండీ?"

మావాడి ముఖం వెలిగిపోయింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"బేసిబాలు గ్లౌజండి. అమెరికావోళ్ళ ఆట. గ్లౌజు ఒక్కటే ఉంటాది గదా, బేసి. అందుకే ఆ పేరు. అసలిది మన మాటే! ఎనకటి రోజుల్లో భీమిలి రేవు నించి మన ఓడలు ఎల్లీవి గదండి, ఆటితోపాటే ఎల్లిపోనాది. ఆటగాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిది బేసే గదా!"

ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. "తొమ్మిదే," అన్నాడు నెమ్మదిగా. "మూడుసార్లు బంతి తప్పిపోతే అవుటు. మూడు కూడా బేసే."

"సూసేరా మరి!" అని మావాడు పొంగిపోయాడు.

దోస్తు ఊరుకోవచ్చు కదా! చేప తిప్పుతూ, "అరే, క్రికెట్టుకి పదకొండుమంది. అదీ బేసే గదా? మరి దాన్నెందుకు బేసిబాలనరు?" అన్నాడు.

మావాడు గ్లౌజును ఇటూ అటూ తిప్పి చూశాడు. "క్రికెట్టులో గ్లౌజులు జతగా ఉంటాయి బావా. అంచేత అది సరిబాలు."

మెట్ల గదిలో తల పట్టుకున్నాను. అప్పుడే వాన దబదబా దిగింది. రేవులో జెండా లేకుండానే దిగింది. దోస్తు ట్రాన్సిస్టర్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. మావాడు మాత్రం కదల్లేదు. గోడవార ఉన్న గొడుగు తీసి కుంపటి మీద పట్టాడు. నిప్పుకి, చేపలకి నీడ దొరికింది, వాడు నిలువునా తడిసిపోతున్నాడు. గ్లౌజు చేత్తో జాలీ పట్టుకుని, ఇంటికొచ్చిన మనిషికి పచ్చి చేప పెట్టకూడదన్నట్టు నిలబడ్డాడు. ఆయన లోపలికి రాకుండా వెళ్ళి గొడుగు రెండో వైపు పట్టుకున్నాడు.

వాళ్ళిద్దరూ ఒక గొడుగు కర్రకు చెరోపక్కా నిలబడి ఉంటే, వాన చప్పుడులో ఆయన గొంతు నాకు వినపడింది.

"ఈ బేసి సంగతి మీకెవరు సెప్పేరు?"

మావాడు మెట్ల గది వైపు చూశాడు. వాడి కళ్ళలోకి నీళ్ళు కారుతున్నాయి, అవి వాననీళ్ళే. మామూలుగా అయితే ఓడ కెప్టెన్ చెప్పాడనో, పుస్తకంలో ఉందనో అనేవాడు. గొడుగు కింద అంత దగ్గరగా నిలబడ్డ మనిషితో అలా అనలేకపోయాడో ఏమో.

"ఎవులూ సెప్పనేదండి. నానే అనుకున్నాను," అన్నాడు. జాలీ కాస్త జరిపి, "నిజం సెప్పాలంటే... నాకు తెలీదండి," అన్నాడు.

దోస్తు నా చెయ్యి గిల్లాడు. పదేళ్ళ స్నేహంలో ఆ మాట మేమిద్దరం మొదటిసారి విన్నాం.

ఆయన, "సరే," అన్నాడు. అంతే. చేపలకు అన్నాడో, సంబంధానికి అన్నాడో, వానకు అన్నాడో తెలియలేదు. రెండు చందువాలు తిన్నాడు. వెళ్ళబోతూ మసిబారిన ఆ గ్లౌజు ఎడమచేతికి తొడుక్కుని, కుడి పిడికిలితో దాని అరచేతిలో రెండుసార్లు గుద్ది, మళ్ళీ జాగ్రత్తగా గోడమీద పెట్టాడు. అదేం అలవాటో నాకు అర్థంకాలేదు.

మర్నాడు ఆఫీసులో నా బల్ల దగ్గర ఆగాడు. "మీవోడికి సెప్పండి. బేసి కాదు, సరి," అన్నాడు. నేను లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. పెన్సిలు కింద పడి ముల్లు విరిగింది, అయినా పట్టించుకోలేదు.

పెళ్ళయిన రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన మావాడి చేతిలో కాగితం చుట్టిన పొట్లం పెట్టాడు. విప్పితే గ్లౌజు. అలాంటిదే, కొత్తది. మావాడు మురిసిపోయి తొడుక్కోబోయి ఆగిపోయాడు.

"ఇదీ ఎడం సేతిదేటండీ?"

"కుడిసేత్తో బంతి ఇసురుతారు బావా, గ్లౌజు ఎడం సేతికే. ఆ ఆటలో జత ఉండదు. అందులో నీ మాట నిజమే," అన్నాడాయన. అప్పుడు బయటపడింది. స్టోర్సులో చేరకముందు ఆరేళ్ళు ఓడల్లో ఇంజను గదిలో పని చేశాడట. అమెరికా రేవుల్లో ఆ ఆట చూశాడు, సరదాకి ఆడాడు కూడా. ఇప్పుడీ గ్లౌజు పాత ఓడ స్నేహితుడి చేత తెప్పించాడు.

మావాడు ఎర్రగా కందిపోయి, గ్లౌజు వెనక ముఖం దాచుకున్నాడు. పెళ్ళికూతురు ముసుగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

నాకు ఉండబట్టలేదు. పక్కకు తీసుకెళ్ళి అడిగాను. "అన్నీ తెలిసి ఆ రోజు ఎందుకు దిద్దలేదండీ?"

"నాను ఆట గురించి తెలుసుకుందారని రానేదండి, మనిషిని సూద్దారని వొచ్చాను. తడిసిపోతా తెలీదన్నాడు, అది సాలు నాకు." తర్వాత ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ దగ్గు తగ్గిందాండి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఏ మనిషిని చూడటానికి వచ్చాడో, ఆ మనిషినే నేను గంటసేపు దగ్గి దగ్గి దాచబోయాను. నా స్నేహితుడి మీద నాకున్న నమ్మకం అంతే అన్నమాట. నా కుర్చీ పొగలోంచి ఎందుకు మోసుకెళ్ళాడో అప్పటిగ్గానీ అర్థంకాలేదు.

తర్వాత చాలా ఆదివారాలు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డాబా మీదికి వచ్చేవారు. జాలీకి చెరో పక్క, చెరో ఎడమచేతి గ్లౌజు. ఎవరి వైపుకు వాళ్ళు లాగి చేపల్ని నిప్పుల్లో పడేసేవాళ్ళు. కొత్తగా ఎవరైనా వచ్చి ఆ గ్లౌజులేమిటని అడిగితే మావాడు బేసి సంగతి, భీమిలి ఓడల సంగతి మొత్తం చెప్పేవాడు. చెప్పడం అయ్యాక భార్య వైపు ఒకసారి చూసి, "అయితే నిజానికి నాకు తెలీదండి," అనేవాడు.

నేను అక్కడే కుంపటి పక్కన, పొగలోనే కూర్చుని వినేవాణ్ణి. ఒక్కసారి కూడా దగ్గలేదు.