ఎలపటికి వంగిన పొగగొట్టం

మా బంధువుల్లో ఏ పెళ్లి జరిగినా భోజనాల దగ్గర మా అక్క భర్త ఒకటే కథ చెబుతాడు. "మా బామ్మర్ది లైబ్రరీ బుక్కు జూసి నా మోటర్ సైకిల్ పొగగొట్టం ఉల్టా పెట్టించిండు" అంటాడు. అందరూ నవ్వి నావైపు చూస్తారు. నన్నంటే అన్నాడు, ఆ పుస్తకాన్ని అంటే మాత్రం ఊరుకోలేను. మంచిర్యాల గ్రంథాలయంలో పక్కన నిఘంటువు పెట్టుకుని మాట మాటా కూడబలుక్కుని చదివిన ఇంగ్లిషు మెకానిక్ పుస్తకం అది. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

బావ సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ఆ పని గిట్టక మా ఊరు మంచిర్యాల వచ్చాడు. టూరింగ్ టాకీసు యజమాని ఒక పని ఇస్తానన్నాడు. ఒకే సినిమా మంచిర్యాలలోనూ బెల్లంపల్లిలోనూ ఆడుతుంది. ఇక్కడ మొదటి సగం కాగానే ఆ రీళ్ల డబ్బాలు అక్కడికి చేర్చి, మళ్లీ వచ్చి మిగతా సగం తీసుకుపోవాలి. శుక్రవారం కొత్త సినిమా. ఆనాటికి బావ పాత మోటర్ సైకిల్ నడవకపోతే పని ఇంకొకరికి పోతుంది. బండి ఇంజను చూస్తే చచ్చి కూర్చుంది. తుక్కులో దొరికిన వేరే కంపెనీ ఇంజను తెచ్చి బిగించాం. పాత పొగగొట్టం దాని మూతికి కుదరలేదు. కొత్తది వంచాలి.

గొట్టం నిండా ఎండు ఇసుక కూరి, రెండు చివర్లా బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచితే నొక్కుకుపోదని పుస్తకంలో ఉంది. గోదావరి ఇసుక తెచ్చి మా అక్క పెనం మీద వేయించాను. అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తరువాత ఎడ్లబండి చక్రాలకు పట్టాలు వేసే కమ్మరి కొలిమికి పోయాం. కొత్త ఇంజను కిక్కు కుడిపక్క ఉంది కాబట్టి గొట్టం ఎడమకే పోవాలి. "బావా, ఎడమ. యాది పెట్టుకో" అని చెప్పి, గ్రంథాలయం మూసేలోగా పుస్తకం అప్పజెప్పడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి గొట్టం ఎక్కడా నొక్కు లేకుండా, నున్నగా, కుడివైపుకు వంగి ఉంది.

"గిదేంది మామా?" అన్నాను.

"దాపటికా, ఎలపటికా అని అడిగిన. ఎలపటికే అన్నడు మీ బావ" అన్నాడు కమ్మరి.

ఎడ్లబండి తోలేవాళ్లకు దాపట అంటే ఎడమ, ఎలపట అంటే కుడి.

"ఎడమల ఎ ఉన్నది, ఎలపటల ఎ ఉన్నది. రెండు ఒకటే అనుకున్న" అన్నాడు బావ. "మా ఇంట్ల మగ్గం ఉండె గని ఎడ్లు ఉండెనా?"

"తెల్వకుంటె తెల్వదనాలె గద బావా!"

"నలుగురి ముంగట తెల్వదంటె ఇజ్జత్ పోదా?"

"ఇంకో గొట్టం తెండ్రి, దాపటికి వంచిస్త" అన్నాడు కమ్మరి నవ్వాపుకుంటూ. ఎక్కడినుంచి తేవాలి? అప్పటికే శుక్రవారం మధ్యాహ్నం. చేసేది లేక సైలెన్సర్‌ను కుడిపక్కకు మార్చి అదే గొట్టం బిగించాం. కిక్కు సగం దిగి గొట్టానికి కొట్టుకుని ఆగిపోయింది.

"దొబ్బితె చాలు అయిపాయె" అన్నాడు బావ.

తోశాం, అంటుకుంది. డబ్బాలు వేళకు చేరాయి, పని బావకే దక్కింది. గొట్టం మారుద్దామని నేను పోరితే "నడుస్తున్నది గద, నీకేం ఫికర్?" అనేవాడు. బండి అమ్మేదాకా మార్చలేదు.

కాబట్టి నా నమస్కారాలు పుస్తకం ఇచ్చిన గ్రంథపాలకుడికి, కమ్మరి మామకు, అక్కకు, మంచిర్యాలలో రోజూ బండి తోసిన టికెట్లు చింపే అతనికి, సోడాలమ్మే ఆయనకు. పేర్లు రాస్తే ఒకరిని మరిచానని ఇంకొకరు అలుగుతారు. అందరికన్నా ఎక్కువగా బెల్లంపల్లి బొగ్గుబాయి కార్మికులకు. బావను తిట్టుకుంటూనే ఆట వదిలి బయటికి వచ్చి తోసేవాళ్లు. తోయకపోతే వాళ్లకు మిగతా సగం సినిమా రాదు మరి.