చీర రెండో కొస

తెల్లగోడ వైపు చూస్తే నాకు గోడ కనిపించదు. దాని మీద సన్నని చుక్కలు ఇసుక రాలినట్టు కదులుతూ కనిపిస్తాయి. రోడ్డు మీద మోటార్ సైకిల్ పోతే దాని వెనకే అలాంటి బళ్ళే మరికొన్ని పలచగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. గళ్ళ లుంగీ కట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుంటే గళ్ళు మెల్లగా పాకడం మొదలుపెడతాయి. ఆయన మాత్రం నింపాదిగా టీ తాగుతుంటాడు. మొదట్లో అలాంటివాళ్ళ ముందు నుంచి నేను మాట మధ్యలోనే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. నాకు పొగరని ప్రొద్దుటూరులో కొందరు ఇప్పటికీ అనుకుంటారు.

ఇది బెంగళూరులో తగులుకుంది. ఉద్యోగం చేసే రోజుల్లో శనివారాలు స్నేహితుల గదిలో చేరి ఎల్‌.ఎస్‌.డి. అనే మత్తుమందు తీసుకునేవాళ్ళం. సరదాకే, అందరూ సరదాకే. మిగతావాళ్ళు ఆదివారం లేచి దోసెలు తిని సోమవారం ఆఫీసుకు పోయారు. నాకొక్కడికే ఆ శనివారం అయిపోలేదు. అదే గది, అదే సరుకు, మరి నాకే ఎందుకు? ఆ స్నేహితుల పెళ్ళి ఫొటోలు ఫోన్లో కనిపిస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, పాపం వాళ్ళు నాకు చేసిందేమీ లేకపోయినా.

ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాక కంటి డాక్టర్ల చుట్టూ తిరిగాను. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారు. ఒకాయన అద్దాలు రాస్తే, వాటితో చుక్కలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. మా అమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. పక్కింటి ఖాలా దర్గా నుంచి తాయెత్తు తెచ్చి నా జబ్బకు కట్టి, కొడుకు కువైట్ నుంచి పంపిన అత్తరు కూడా రాసింది. కళ్ళు అలాగే ఉన్నాయి గానీ కొన్నాళ్ళు మంచి వాసన వేశాను. చివరికి తిరుపతిలో ఒక మానసిక వైద్యురాలు, అంతవరకు ఎవరూ అడగని మాట అడిగింది: "మత్తు ఏమైనా తీసుకునేవాడివా?" చెప్పాను. కొందరికి ఇలా మిగిలిపోతుందని, ఎందుకో ఎవరికీ పూర్తిగా తెలియదని చెప్పింది. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. మళ్ళీ దేన్నీ ముట్టుకోకు, నిద్ర చెడగొట్టుకోకు, చుక్కల్ని వెతుక్కుంటూ కూర్చోకు, ఇది పిచ్చి కాదు అంది. ఆ చివరి మాట దగ్గర నేను ఏడ్చేశాను.

వెతుక్కుంటూ కూర్చోకు అంటే కూర్చోకుండా ఉండాలి గదా. నాకు కాలు నిలిచేది కాదు. పొద్దున లేస్తే నడక, అన్నం తిని నడక. అది చూసి మా చిన్నాయన నన్ను తన చీరల వ్యాపారంలో పెట్టుకున్నాడు. జమ్మలమడుగు చుట్టుపక్కల నేతగాళ్ళకు ఆయన పడుగు, పట్టు ఇస్తాడు. వాళ్ళు నేసి తెచ్చిన చీరను ఇద్దరు చెరో కొస పట్టుకుని, వాకిట్లో వెలుతురుకు ఎదురుగా చాచి, పోగు తెగిందా, అంచు వంకర పోయిందా, రంగు మారిందా అని చూడాలి. తప్పుంటే నేసినవాళ్ళ కూలిలో కోత. అదేపనిగా తప్పులొస్తే మళ్ళీ పడుగు ఇవ్వరు. చీరలు చూసే పనికి మా వంశంలో ఇంతకన్నా తగినవాడు దొరకలేదు చిన్నాయనకు! నా కళ్ళ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ పనిలో నేను నిలబడ్డానంటే నా పెళ్ళాం వల్లే. ఆమెది జమ్మలమడుగు, పుట్టింట్లో మగ్గం ఉంది. పెళ్ళయిన కొత్తలోనే అంతా చెప్పేశాను. రెండు రోజులు బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది. మూడో రోజు, "నీకేమన్నా కనపడితే నన్నడుగు. ఉంటే ఉందంటా, లేకుంటే లేదంటా" అంది. అంతే. చీర రెండో కొస ఆమె పట్టుకునేది. నాకు ఎక్కడైనా తేడా కనిపిస్తే, చిన్నాయనకు వినపడకుండా, "ఉండాదా?" అనేవాణ్ణి. "లేదు" అనేది. ఎప్పుడో ఒకసారి "ఉండాది" అని వేలితో చూపేది. బజార్లో కూడా అంతే. బండి మీద పోతుంటే ఆమె వెనక కూర్చుని, నేను అడిగినవాటికి జవాబు చెప్పేది. లోకం ఎంతవరకు ఉందో నాకు ఆమె చెబితేనే తెలిసేది. నాకు అందులో చిన్నతనం అనిపించలేదు. హాయిగా ఉండేది.

పోయిన శ్రావణానికి ముందు మా మామ, అంటే ఆమె నాయన, ఒక చిలకపచ్చ చీర నేసి పంపాడు. వాకిట్లో చాచాం. మధ్యలో అడ్డంగా, బెత్తెడు వెడల్పున పచ్చ కొంచెం ముదిరినట్టు కనిపించింది. కళ్ళు మూసి తెరిచాను. అక్కడే ఉంది. వేళ్ళతో తడిమాను. రంగు వేలికేం తెలుస్తుంది?

"ఉండాదా?" అన్నాను.

ఆమె చీర వైపు చూసింది. రోజూ చూసేంతసేపే చూసింది. "లేదు" అంది.

మడత పెట్టేశాం. ఆ చీర పులివెందులలో ఒక అంగడికి పోయింది.

వారం తిరక్కుండా అంగడాయన చిన్నాయనకు ఫోన్ చేసి, మాట జారకుండా తిట్టినంత పని చేశాడు. ఆ చీరను పోయి తెమ్మని చిన్నాయన నన్ను పంపాడు. చీనీకాయల తోటల మధ్య బస్సులో పోతున్నంతసేపూ నాకు ఏమీ తట్టలేదు. అంగట్లో ఆయన చీరను చాప మీద పరిచి, "చూడప్పా, ఇది యాపారమా? కండ్లు యాడ పెట్టుకుని పంపినారు?" అన్నాడు. ముదురు పచ్చ పట్టీ అక్కడే ఉంది. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా వంగి చూసి, "అవునే, ఈడ రంగు వేరేగా ఉండాది" అన్నారు.

నేను నవ్వాను. నిజంగా నవ్వాను, ఆపుకోలేక. ఉంది! నాకు కనిపించింది ఉంది! ఇందరికి కనిపిస్తోంది. నా కళ్ళు ఒకసారైనా నిజం చెప్పాయి. అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, చీరను సంచిలో కుక్కి చేతిలో పెట్టాడు.

బస్టాండుకు వచ్చాక గానీ రెండో సంగతి తట్టలేదు. ఆమె లేదంది. బస్సు వస్తే ఎక్కలేదు, ఇంకోటి వస్తే ఎక్కలేదు. ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆమె లేదన్నవాటిలో ఎన్ని ఉన్నాయో, ఉందన్నవాటిలో ఎన్ని లేవో! చుక్కల్ని చూసి కూడా నేను ఎప్పుడూ అంత భయపడలేదు.

ఇంటికొచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంది. సంచి ముందు పడేశాను. తీయకుండానే ఏ చీరో తెలిసింది ఆమెకు.

"నీకు కనపడలేదా?" అన్నాను.

"కనపడింది. బెత్తెడు పట్టీ. నాకెందుకు కనపడదు?"

"మరి లేదంటివే?"

"లేదంటే నువ్వు నమ్ముతావని తెల్సు" అంది. చేతిలో గరిటె అలాగే ఉంది. "మా నాయనకు కండ్లల్లో పొరలు వచ్చినాయి. రెండు పచ్చలు ఒకటే మాదిరి కనపడ్తాండాయి. ఆయప్ప పట్టు కండెలు కలిపేసినాడు. మీ చిన్నాయనకు తెలిస్తే పడుగు ఇస్తాడా? మగ్గం ల్యాకుంటే మా నాయన ఏం జేస్తాడు, చెప్పు?"

"నన్నడిగింటే నేనే ఊరుకుంటుంటి గదా."

"నువ్వు చిన్నాయన ముందర మాట దాచలేవు. ముఖంలో కనపడుతుంది."

అది నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. అన్నం తినకుండా బయటకు పోయి ఊరంతా తిరిగాను.

చిన్నాయనకు మామ కళ్ళ సంగతి నేనే చెప్పాను. ఆయన కాసేపు ఎగిరి, ఆపరేషన్ చేయించుకునేదాకా ఆగుతానని, ఆ తర్వాత మళ్ళీ పడుగు ఇస్తానని ఒప్పుకున్నాడు. ఆ గొడవ అంత సులువుగా తీరింది. నా గొడవే తీరలేదు. చీరలు మళ్ళీ వచ్చాయి, కొసలు మళ్ళీ పట్టుకున్నాం. నేను అడగడం మానేశాను. తేడా కనిపించిన ప్రతి చీరా పక్కన పెట్టేవాణ్ణి, చిన్నాయన చూసి, బాగున్న చీరను తీసేశావని తిట్టేవాడు. బజార్లో ముక్కూమొహం తెలియనివాళ్ళను ఆపి, "అన్నా, ఆ గోడ మీద ఏమన్నా కదుల్తాందా?" అని అడిగేవాణ్ణి. ఒకాయన నన్ను తాగుబోతు అనుకుని నిమ్మకాయ మజ్జిగ తాపించాడు. ఇంట్లో ఆమె నేను అడుగుతానేమోనని నా వైపే చూస్తుండేది. నేను తల తిప్పుకునేవాణ్ణి. అలా చూసి చూసి, ఒకరోజు ఆమె చూడటం మానేసింది. అది మరీ కష్టంగా ఉండింది.

మామను కంటి ఆసుపత్రిలో చేర్చడానికి ఇద్దరం జమ్మలమడుగు పోయాం. దీపాలు పెట్టే వేళ. మామ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఆమె ఆయనకు పళ్ళెంలో సంగటి పెడుతోంది. నేను వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. మగ్గం మీద వేలాడే బల్బు చుట్టూ రంగుల వలయం ఒకటి కనిపించింది, ఎర్రగా, నీలంగా. అంతవరకు నాకు కనిపించినవాటిలో అలాంటిది లేదు. కొత్తది మొదలైందా అని, చాలా రోజుల తర్వాత, నోరు జారి అడిగేశాను.

"ఉండాదా?"

ఆమె గబుక్కున లేచి నిలబడి బల్బు వైపు చూసింది. ఎంతసేపు చూసిందో! "లేదు" అంది.

నేను మామ వైపు తిరిగాను. "మామా, బల్బు చుట్టూ రంగులేమన్నా ఉండాయా?"

ఆమె ముఖం నాకు కనిపించింది. కొట్టినా అలా అయ్యేది కాదు.

మామ పొరలు కమ్మిన కళ్ళు చికిలించి తలెత్తాడు. "ఉండాయి గదప్పా. ఏడాది నుంచి ఉండాయి. ఎర్రగా, నీలంగా. అందరికీ ఉంటాయనుకుంటి" అన్నాడు.

ఇద్దరం ఉన్నాయన్నాం. ఆమె ఒక్కతే లేవంది. పళ్ళెం చేతిలో పట్టుకుని వాళ్ళ నాయన వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"లేదు" అంది మళ్ళీ, నాతోనే. "ఆడ ఏమీ లేదు. ఉత్త బల్బు."

నేను నమ్మాను.